ఆ రాకెట్టు స్కేలెంత సామీ?

శ్రీహరికోటలో రాకెట్ లేచే ముందురోజు మనవాళ్ళలో ఇంకో గొడవ లేస్తుంది. ఇస్రో వాళ్ళు చిన్న రాకెట్ నమూనా పట్టుకుని తిరుమల వెళ్ళారనీ, సూళ్ళూరుపేట చెంగాళమ్మ గుడికి వెళ్ళారనీ పేపర్లో వార్త వస్తుంది. ఇక మొదలు. "సైంటిస్టులై ఉండి ఇదేం పని" అని ఒక జట్టు, "వాళ్ళ నమ్మకం వాళ్ళది, మీకెందుకండీ మంట" అని ఇంకో జట్టు. 2013లో మంగళయాన్ అప్పుడు సి.ఎన్.ఆర్. రావు గారంతటి శాస్త్రవేత్త కూడా ఇది మూఢనమ్మకమేనన్నారు. 2023 జులైలో చంద్రయాన్-3 అప్పుడు మళ్ళీ అదే నాటకం, అవే డైలాగులు. పాత్రధారులు మాత్రం కొత్తవాళ్ళు.

నాకు ఈ రెండు జట్లతోనూ పేచీ లేదు. దేవుడి సంగతి దేవుడు చూసుకుంటాడు. నా పేచీ వేరు. ఇన్నేళ్ళుగా ఇంతమంది ఆ ఫోటో చూసి జుట్లు పట్టుకున్నారు కదా, ఒక్కడంటే ఒక్కడు "ఆ బొమ్మ ఏ స్కేలండీ? ఎవరు చేశారు? బూస్టర్లు ఎన్ని పెట్టారు?" అని అడిగాడా?

నవ్వొచ్చిందా? నవ్వండి, పర్లేదు. నా గోల ఆ నవ్వు గురించే.

స్కేల్ మోడల్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్పి ముందుకెళ్తా. అసలు వస్తువుని కొలిచి, అన్ని కొలతల్నీ ఒకే అంకెతో భాగించి చేసే బొమ్మ. 1:72 అంటే ఆరడుగుల మనిషి సరిగ్గా అంగుళం అవుతాడు. 44.4 మీటర్ల పీఎస్ఎల్వీ 61.7 సెంటీమీటర్లవుతుంది. "అన్ని కొలతల్నీ" అన్నానే, కిటుకంతా అక్కడే ఉంది. మన బొమ్మల కొలువులో వెంకటేశ్వరస్వామి కంటే క్రికెట్ ఆటగాడు ఎత్తుంటాడు, ఆయన బ్యాటు పక్కనున్న రైలింజనంత ఉంటుంది. అది అందం, దానికి లెక్క అక్కర్లేదు. నేను చెప్పేది లెక్క కావలసిన బొమ్మల సంగతి.

నెల్లూర్లో ఈ పిచ్చి ఉన్నవాళ్ళం ఏడుగురం నెలకో ఆదివారం కలుస్తాం. మా గుంపుకి పేరు లేదు. పేరు పెట్టుకుందామని మూడు మీటింగులు పెట్టుకుని, ఇంగ్లీషులో పెట్టాలా తెలుగులో పెట్టాలా అన్న దగ్గర ఆగిపోయాం. ఒక పళ్ళ డాక్టరు (ఆయన దగ్గరున్న సన్న డ్రిల్లు చూస్తే మాకందరికీ నోట్లో నీళ్ళూరతాయి, ఆయన పేషెంట్లకి ఏమవుతుందో తెలీదు), లేత్ మిషను షాపాయన, రైల్వేలో చేసి రిటైరైన పెద్దాయన, రిటైరైన బ్యాంకు మేనేజరు, ఇద్దరు కాలేజీ పిలకాయలు, నేను. మేనేజరు గారింట్లో బీరువా నిండా నలభై కిట్లు, సీలు కూడా విప్పనివి, ఉన్నాయి. "రిటైరయ్యాక తీరిగ్గా చేస్తా" అనేవారట. రిటైరై ఆరేళ్ళయింది. ఇప్పుడు ఏమంటారంటే, "చెయ్యి వణుకుతోంది, ముందు కొంచెం ప్రాక్టీసు చెయ్యాలి" అని. ప్రాక్టీసు కోసం ఇంకో నాలుగు కొన్నారు. మా ఆఫీసులో కూడా ఇలాంటి లిస్టొకటి ఉంటుంది, తర్వాతి రిలీజులో చూద్దామని పక్కన పెట్టినవన్నీ అందులో పడతాయి. కాకపోతే దానికింత అందమైన అట్టపెట్టెలు ఉండవు.

మీటింగు అంటే ఏం జరుగుతుందనుకుంటున్నారు? పదింటికి మొదలు. పదీ పదికల్లా దోసెలొస్తాయి. పదిన్నరకి ఎవరో ఒకరు తెచ్చిన బొమ్మ బల్ల మీద పెడతారు, అందరూ చుట్టూ వంగి చేతులు వెనక్కి కట్టుకుని చూస్తారు (ముట్టుకోకూడదు, అదొక్కటే మా రూలు). రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడరు. తర్వాత ఒకరు, "బాగుంది కానీ..." అంటారు. ఆ "కానీ" మధ్యాహ్నం రెండు దాకా నడుస్తుంది. ఒకసారి తెలుపు రంగు గురించి మూడు గంటలు. పెయింటు షాపు కార్డులో తెలుపులు ఎన్నుంటాయో మీకు తెలుసా? అన్నిటికీ మాలో ఒక్కో లాయరున్నాడు. రంగుల డబ్బాలు బయటి నుంచి తెప్పించుకుందామంటే అవి మండే సరుకు, విమానంలో ఎక్కించరు. అందుకని కార్ల షాపులో పెయింటు, గోడలకి పూసే లప్పం, ఇంట్లోవాళ్ళ గోళ్ళరంగు. ఇవీ మా ప్రయోగశాల సామాన్లు.

రైల్వే పెద్దాయన కథ వేరు. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు. ప్రపంచంలో ఎక్కువమంది చేసే మోడల్ రైళ్ళ స్కేలు హెచ్ఓ, అంటే 1:87. దానికి కొట్లో దొరికే పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. అది విదేశాల 1435 గేజికి సరిపోతుంది. మన 1676ని 87తో భాగిస్తే 19.26 వస్తుంది. తేడా 2.76 మిల్లీమీటర్లు. లోకంలో అందరూ ఈ తేడాని మింగేసి, కొన్న పట్టాల మీద మన ఇంజన్లు నడిపించుకుంటారు. ఈయన మింగలేదు. చెక్కబద్దీలు కోసి, పట్టీలు అతికించి, 19.26కి సొంతంగా పట్టాలు వేశారు. ఆ పట్టాల మీద నడిచే బండి ఈ భూమ్మీద ఒకే ఒక్కటుంది. అదీ ఆయన చేసిందే, ఇంజను కాదు, గూడ్సు పెట్టె. వేలితో తోయాలి.

"ఏంది సామీ, రెండున్నర మిల్లీమీటర్లకి ఇంత రచ్చా?" అన్నాడు ఒక పిలకాయ.

"అసలు దాంట్లో అదెంతో తెలుసా అబ్బయా? ఇరవైనాలుగు సెంటీమీటర్లు. అర మూర. గూడూరు జంక్షన్లో పట్టాలు అర మూర లోపలికి జరిపి నీ మెయిలు బండిని రమ్మను, చూస్తా."

ఆ తర్వాత ఆ పిలకాయ రైళ్ళ గురించి నోరెత్తలేదు.

ఇలాంటివాళ్ళని చూసి బంధువులు ఏమంటారో నేను చెప్పక్కర్లేదు. "ఈ వయసులో బొమ్మలాటేంది", "ఆ టైములో ఓ ఫ్లాటు కొనుక్కోవచ్చు కదా". సరే, నవ్వుకోండి, మా మీద నవ్వుకోవడానికి బోలెడుంది, పైన నేనే చెప్పాను. కానీ అదే నోటితో చెప్పండి, ఇప్పుడు నేను చెప్పబోయే దాని మీద ఎందుకు నవ్వరు?

ఓ కాలేజీ వార్షికోత్సవం. ఊరూ పేరూ వద్దు. ముఖ్య అతిథికి శాలువా కప్పి, దండేసి, మెమెంటో ఇచ్చారు. గాజుపెట్టెలో బంగారు రంగు రాకెట్, అడుగున పలక మీద "చంద్రయాన్-3". పెద్ద చప్పట్లు. మా పళ్ళ డాక్టరు గారు ముందు వరసలో కూర్చున్నారు, ఆయనకి పళ్ళతో పాటు బూస్టర్లు లెక్కపెట్టే అలవాటు కూడా ఉంది. ఆరు. చుట్టూ సన్నసన్నవి ఆరు. అది పీఎస్ఎల్వీ! చంద్రయాన్-1, 2008 అక్టోబర్ 22న ఎక్కి వెళ్ళిన బండి. 2023 జులై 14న చంద్రయాన్-3ని మోసుకెళ్ళింది ఎల్వీఎం3. దానికి బూస్టర్లు రెండే. ఒక్కొక్కటి 3.2 మీటర్ల లావు, ఒక్కోదాంట్లో రెండొందల టన్నుల పైన ఇంధనం. పోలికే లేదు. అదీ ఇదీ ఒకటనడం ఆటోనీ లారీనీ ఒకటే అనడం లాంటిది. సభ అయ్యాక డాక్టరు గారు పెద్దమనిషి ఒకాయన్ని పక్కకి పిలిచి నెమ్మదిగానే చెప్పారు.

"ఏదో ఒక రాకెట్ లెండి సార్, ఫోటోకి బానే ఉంది కదా" అన్నాట్ట ఆయన.

ఏదో ఒక రాకెట్ లెండి! ఈ మాట నాకు ఒంటికి పట్టలేదు. పెళ్ళిలో పీటల మీద ఇంకెవరో కూర్చుంటే "ఏదో ఒక పెళ్ళికొడుకు లెండి, ఫోటోకి బానే ఉన్నాడు" అంటారా? నెల్లూరువాళ్ళం మనం. బియ్యం గింజ వేళ్ళ మధ్య నలిపి ఇది మొలగొలుకులు అవునో కాదో తేల్చేస్తాం. చేపల పులుసులో మామిడికాయ ముక్క ఏ క్షణంలో పడిందో నాలుక మీద వేసుకుని చెప్తాం. వండిన రోజు పెడితే మొహం మాడ్చుకుని, మర్నాటి దాకా ఆగలేకపోయారా అని అడుగుతాం. ఇంత నిక్కచ్చి మనుషులకి, 1971 అక్టోబర్ 9న మొదటి రోహిణి ఎగిరినప్పటి నుంచీ తూర్పు ఆకాశంలో చూస్తున్న రాకెట్ దగ్గరికొచ్చేసరికి "ఏదో ఒకటి" ఎలా సరిపోయింది? (2022లో జిల్లాలు చీల్చినప్పుడు సూళ్ళూరుపేట, శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి పోయాయి. కాగితాల మీద. మా వీధిలో ఇంకా "మన షార్" అనే అంటారు. మనది అనుకునేటప్పుడు దాని బూస్టర్లు ఎన్నో కూడా తెలిసుండాలి కదా.)

పీఎస్ఎల్వీ ఒక్కదాంట్లోనే ఎన్ని రకాలున్నాయో చూడండి. మామూలుది ఆరు బూస్టర్లు. ఎక్స్ఎల్‌కీ ఆరే, కానీ ఒక్కోదాంట్లో ఇంధనం 9 టన్నుల బదులు 12, అందుకని అవి పొడుగ్గా ఉంటాయి. 2007 ఏప్రిల్ 23న ఎగిరిన సి8కి అసలు బూస్టర్లే లేవు, ఒంటిస్తంభం. 2019 జనవరిలో సి44కి రెండు, అదే ఏడాది ఏప్రిల్ 1న సి45కి నాలుగు. మోయాల్సిన బరువుని బట్టి లెక్క మారుతుంది. ఈ లెక్క ఒక పిలకాయకి తెలియడానికి ఉపన్యాసం అక్కర్లేదు, ఒక్కసారి చేత్తో బూస్టర్లు అతికిస్తే చాలు. "దీనికి రెండేనా? ఎందుకు?" అన్న ప్రశ్న జిగురు ఆరేలోపు వాడంతట వాడే అడుగుతాడు.

నమ్మకం లేకపోతే మా పీఎస్ఎల్వీ కథ వినండి. కిట్టు కొనడం కాదు, పీవీసీ పైపులతో చేద్దామని తీర్మానించాం. స్కేలు ఎంచేది ఎవరు? మేం కాదు, హార్డ్‌వేర్ షాపు. రాకెట్ ఒళ్ళు 2.8 మీటర్ల లావు, తల మీద టోపీ (హీట్ షీల్డ్) 3.2, బూస్టర్లు 1 మీటరు. పైపులు దొరికేది 20, 25, 32, 40, 50, 63 మిల్లీమీటర్లలో. 40 పైపుని ఒళ్ళనుకుంటే స్కేలు 1:70, అప్పుడు బూస్టర్లకి 14.3 కావాలి. లేదు. పోనీ 20 పైపుని బూస్టరనుకుంటే 1:50. తలకి 64 కావాలి, 63 ఉంది, భేషుగ్గా సరిపోయింది. అందరం ఎగిరి గంతేశాం. ఒళ్ళుకి 56 కావాలి. 50 ఉంది, 63 ఉంది, 56 లేదు! మూడు నెలలు ఆ ఆరు మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయింది ప్రాజెక్టు. "50 వేసేద్దాం, ఎవడు చూస్తాడు" అన్నాడొకడు. వాడికి ఆ రోజు టీ ఇవ్వలేదు. చివరికి మేనేజరు గారు వాళ్ళింట్లోంచి సంచీడు పాత శుభలేఖలు తెచ్చారు. దళసరి అట్ట, నునుపు. 50 పైపు చుట్టూ అన్నివైపులా మూడు మిల్లీమీటర్లు వచ్చేదాకా పొర మీద పొర చుట్టి, లప్పం పూసి, గీకి, రంగేశాం. 88.8 సెంటీమీటర్ల ఆ రాకెట్ కడుపులో సగం నెల్లూరు పెళ్ళిళ్ళున్నాయి.

ఈ మూడు నెలల్లో ఆ కాలేజీ పిలకాయలు హీట్ షీల్డ్ ఒళ్ళు కంటే లావెందుకో, అది రెండు చెక్కలుగా ఎలా విడిపోతుందో, విడిపోకపోతే ఏమవుతుందో (2017 ఆగస్టు 31న సి39కి అదే అయింది, టోపీ ఊడక ఉపగ్రహం లోపలే చిక్కుకుపోయింది) వాళ్ళంతట వాళ్ళే వెతుక్కుని చదివారు. ఎవరూ పరీక్ష పెట్టలేదు.

ఇప్పుడు ఇదే జిల్లాల్లో బడుల సైన్సు ఎగ్జిబిషన్లకి వెళ్ళండి. థర్మోకోల్ రాకెట్, థర్మోకోల్ గుండె, థర్మోకోల్ అగ్నిపర్వతం. సగం అంగట్లో కొన్నవి. "ప్రాజెక్టు మోడల్స్ లభించును" అని బోర్డులు చూడలేదా? నాన్న డబ్బులిస్తాడు, అంగడాయన చేసిస్తాడు, పిలకాయ పక్కన నిలబడి బట్టీ పట్టింది అప్పజెప్తాడు, బహుమతి వస్తుంది. నిజంగా చేసుంటే కనీసం ఫెవిక్విక్ వేస్తే థర్మోకోల్ కరిగిపోతుందన్న జ్ఞానమైనా మిగిలేది. ఈ పిలకాయే పెద్దయ్యాక అమీర్‌పేటలో ఫైనలియర్ ప్రాజెక్టు సీడీ కొంటాడు. ఆ తర్వాత మా ఆఫీసుకి ఇంటర్వ్యూకి వస్తాడు. "ఈ ప్రాజెక్టులో నువ్వు చేసిన ముక్క ఏది?" అని అడిగితే ఆ మొహంలో నాకు ఆ థర్మోకోలే కనిపిస్తుంది. తప్పు వాడిది అనను. వాడికి చిన్నప్పుడే నేర్పాం, బొమ్మంటే పక్కన నిలబడి ఫోటో దిగేదని.

ఇస్రో అనుమతితో రాకెట్ బొమ్మలు అమ్మే కంపెనీలు ఇప్పుడొచ్చాయి, సంతోషం. శ్రీహరికోటలో 2019లో జనం కోసం లాంచ్ వ్యూ గ్యాలరీ తెరిచారు, అక్కడే మ్యూజియం, రాకెట్ గార్డెన్ కూడా ఉన్నాయి, ఇంకా సంతోషం. చూడ్డానికి అన్నీ ఉన్నాయి. చెయ్యడానికి?

"బొమ్మలు చేస్తే రాకెట్లు లేస్తాయా" అనే మేధావులకి ఒక్క సంగతి. ఇస్రో రాకెట్లు ఎగిరే ముందు వాటి చిన్న నమూనాలు బెంగుళూరు ఎన్.ఎ.ఎల్.లోని 1.2 మీటర్ల విండ్ టన్నెల్లో గాలి దెబ్బలు తింటాయి. అక్కడ కొలత తప్పితే "ఏదో ఒక రాకెట్ లెండి" అనేవాళ్ళుండరు. ఇంకా కావాలంటే 2016 మే 23 గుర్తు చేసుకోండి. ఆ రోజు శ్రీహరికోట నుంచి 65 కిలోమీటర్ల ఎత్తుకి పోయి బంగాళాఖాతం వైపు జారుకుంటూ దిగిన రెక్కల బండి, ఆర్ఎల్వీ-టీడీ, 6.5 మీటర్ల పొడవుది. అది ఏమిటనుకున్నారు? ముందు ముందు కట్టాలనుకుంటున్న పెద్ద వాహనానికి చిన్న నమూనా. మన తీరం నుంచి ఒక స్కేల్ మోడల్ ధ్వని కంటే దాదాపు అయిదు రెట్ల వేగంతో వెళ్ళింది సార్. దాన్ని చేసినవాళ్ళని "ఈ వయసులో బొమ్మలాటేంది" అని ఎవరూ అడిగుండరు.

అలాగని మా గుంపుని వదిలేస్తాననుకోవద్దు. మేనేజరు గారి బీరువాలో నలభై నాలుగు కిట్లున్నాయన్నానా, అన్నీ రెండో ప్రపంచయుద్ధమే. జర్మన్ ట్యాంకు, బ్రిటిష్ విమానం, జపాన్ ఓడ. టైగర్ ట్యాంకు చక్రాలు ఎలా ఒకదాని మీదకొకటి వస్తాయో మావాళ్ళు నిద్రలో లేపి అడిగినా చెప్తారు. బకింగ్‌హాం కాలువలో తిరిగిన పడవకి పక్కబల్లలు ఎన్ని అంటే, ఒక్కరికీ తెలీదు. ఊళ్ళోవాళ్ళని "రాకెట్ కూడా తెలీదా" అని దెప్పే మనుషులం మేం! దీని మీద పోయిన నెల మీటింగులో నేను గట్టిగానే వేసుకున్నాను. దోసెలు చల్లారిపోయాయి.

ఎందుకంటే రాకెట్‌కి డ్రాయింగులున్నాయి, ఫోటోలున్నాయి, వీడియోలున్నాయి. మేం చెయ్యకపోయినా అది ఎక్కడికీ పోదు. ఆ పడవ అలా కాదు. 1876-78 ధాత కరువులో కూలి కోసం వచ్చిన జనం తవ్వితే ఆ కాలువ ముక్కలు కలిశాయి, అప్పటి మద్రాసు గవర్నరు పేరు దానికి పెట్టారు. కృష్ణపట్నం, దుగరాజపట్నం పక్కనుంచి పులికాట్ మీదుగా మద్రాసు దాకా ఉప్పు, ధాన్యం, కట్టెలు పోయేవి. ఇవాళ రాకెట్లు లేచే శ్రీహరికోట నుంచి అప్పట్లో మద్రాసు పొయ్యిల్లోకి సరుగుడు కట్టెలు వెళ్ళేవి, ఈ పడవల మీదే. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గెడ, అదీ కాకపోతే గట్టు మీద నడుస్తూ తాడు కట్టి మనుషులు లాగడం. రైలు, లారీ వచ్చి సరుకు లాక్కున్నాయి, 1965, 66 తుఫాన్ల తర్వాత కాలువ మరి కోలుకోలేదు. ఆ పడవలు నడిపినవాళ్ళలో ఇంకా ఉన్నవాళ్ళు ఎనభై దాటినవాళ్ళు. వాళ్ళు పోతే ఆ పడవ వాళ్ళతో పాటే పోతుంది. అప్పుడు మనవాళ్ళు దాని బొమ్మ కూడా చేస్తారు, బంగారు రంగులో, గాజుపెట్టెలో పెట్టి. ఏదో ఒక పడవ లెండి.

మా రైల్వే పెద్దాయన ఇప్పటికే కదిలారు. కాలువ గట్టు మీది ఒక ఊళ్ళో ఒక తాత దొరికాడు. పడవ పొడవెంత తాతా అంటే, లేచి నిలబడి, వాకిట్లో ఈ మూల నుంచి నడిచి చూపించాడట. పద్ధెనిమిది అడుగులేసి ఆగి, కొంచెం ఆలోచించి, ఇంకో అడుగు వేశాడట. వెంటనే మావాళ్ళలో గొడవ: ఆ తాత అడుగు ఇప్పుడెంత, పడవ మీద పనిచేసిన వయసులో ఎంత, ఆయన గుర్తు పెట్టుకున్నది ఏ వయసు అడుగులు? డాక్టరు గారు వచ్చే ఆదివారం టేపు పట్టుకుని వెళ్ళి ఆ వాకిలి కొలుస్తానన్నారు. స్కేలు ఇంకా తేల్లేదు, 1:24 అని ముగ్గురు, 1:35 అని ముగ్గురు, ఒకాయన అలిగారు.

మీ ఇళ్ళల్లో, మీ తాతల ట్రంకుపెట్టెల్లో కాలువ పడవ ఫోటో ఏదైనా ఉంటే పారెయ్యకండి. మసకగా ఉన్నా ఫర్లేదు, సగమే ఉన్నా ఫర్లేదు. పడవ పక్కన ఎవరైనా మనిషి నిలబడి ఉంటే ఇంకా మంచిది. ఆయనెవరో, ఎంత పొడుగుండేవాడో ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి ఫోటో వెనకాల పెన్సిల్‌తో రాసిపెట్టండి. మనిషి ఎత్తు తెలిస్తే పడవ పొడవు మేం కట్టుకుంటాం.